దారిఖర్చు ఎవరిస్తారు?

పరిశోధన చేస్తున్న విద్యార్థికి వచ్చే ఈమెయిళ్లలో అన్నిటికన్నా సంతోషపెట్టేదీ, అన్నిటికన్నా దిగులుపెట్టేదీ ఒకటే. మీ పత్రాన్ని మా సదస్సులో సమర్పించడానికి ఎంపిక చేశాం అని చెప్పే ఈమెయిల్ అది. పైన అభినందనలు ఉంటాయి. కింద రిజిస్ట్రేషన్ రుసుము, కట్టాల్సిన ఆఖరి తేదీ ఉంటాయి. ప్రయాణం, బస ఎవరికి వారే చూసుకోవాలన్న మాట ఎక్కడో అడుగున ఉంటుంది. రెండు తరాలుగా చదువున్న ఇంట్లో ఆ మెయిల్ వస్తే పండుగే. మున్సిపాలిటీలో చీపురు పట్టే తల్లి, తోల్ షాపులో పనిచేసే తండ్రి ఉన్న ఇంట్లో అయితే ఆ సంగతి బయటికి చెప్పకుండా దాచుకుంటారు. చెబితే అమ్మ అప్పుకు వెళ్తుందని భయం.

ఈ నెల మేము దిండిగల్ గురించి రాయడానికి ఇదే కారణం. తమిళనాడులోని ఆ ఊరి పేరు వింటే మన యౌవనస్తులకు బిర్యానీ గుర్తొస్తుంది, కొంచెం పెద్దవాళ్లకు తాళాలు గుర్తొస్తాయి. కానీ అది మన భాష నాలుగైదు వందల ఏళ్లుగా బతుకుతున్న నేల కూడా. మదురై నాయకుల కాలంలో తెలుగు సేనాపతులు, రైతులు, నేతగాళ్లు, చర్మకారులు అందరూ అక్కడ స్థిరపడ్డారు. ఊరి నడుమ కొండ మీద కనిపించే కోటను 1605లో మొదలుపెట్టింది ముత్తుకృష్ణప్ప నాయకుడు. కోట కట్టించినవారి పేరు చరిత్రలో మిగిలింది. ఆ సైన్యానికి చెప్పులు, జీనులు, నీళ్ల తోలు సంచులు కుట్టిన కులాల సంతతివారు ఇప్పటికీ దిండిగల్, మదురై, కోయంబత్తూరు, ఈరోడ్ జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం చదువుతూ, వీధులు ఊడుస్తూ బతుకుతున్నారు. అక్కడ వారిని అరుంధతీయర్ అంటారు. ఆ మాట ఆంధ్ర, తెలంగాణ మాదిగ పల్లెలకు కొత్తది కాదు. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల 18 శాతంలో వీరికి 3 శాతం విడిగా కేటాయిస్తూ చట్టం చేసినప్పుడు అందులో చేర్చిన ఏడు పేర్లలో మాదిగ, ఆది ఆంధ్ర కూడా ఉన్నాయి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణను సమర్థించినప్పుడు హైదరాబాదులో ఎంత సంబరం జరిగిందో మన పాఠకులకు తెలుసు. ఆ తీర్పుతో ఈ తమిళనాడు చట్టం కూడా నిలబడిందన్న సంగతి మనలో చాలామంది గమనించలేదు.

దిండిగల్‌లో సైన్స్ ఎక్కడుంది అని అడిగేవాళ్లుంటారు. ఊరికి కొద్ది దూరంలో, చిన్నాళపట్టి నేతగాళ్ల పక్కన గాంధీగ్రామ్ ఉంది. 1947లో డాక్టర్ టి.ఎస్. సౌందరం, జి. రామచంద్రన్ మొదలుపెట్టిన సంస్థ అది. 1956లో గ్రామీణ విద్యా సంస్థ వచ్చింది, 1976లో అది డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. భౌతిక, రసాయన శాస్త్రాల్లో అక్కడ పిహెచ్.డి.లు జరుగుతున్నాయి. అదే జిల్లాలో కొడైకెనాల్ ఉంది. విహారయాత్రకు వెళ్లే మన చర్చి యూత్ బృందాలు సరస్సు, కొబ్బరికాయలంత బేరిపళ్లు చూసి వస్తాయి కానీ, 1899లో వెలసిన సౌర పరిశోధనాలయం వైపు తొంగి చూడవు. సూర్యుడి మచ్చల అంచుల్లో వాయువులు బయటికి పారుతున్నాయని 1909లో జాన్ ఎవర్షెడ్ కనిపెట్టింది అక్కడే. 1960లో ఆ పరిశోధనాలయ బాధ్యత చేపట్టిన వేణు బాపు మన హైదరాబాదులో పెరిగినవాడు. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేశారు. హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన ఉపకారవేతనంతో ఆ కుర్రాడు హార్వర్డుకు వెళ్లాడు. 1949లో అక్కడ ఒక తోకచుక్కను కనిపెట్టాడు. దానికి అతని పేరు కూడా కలిపారు. తర్వాతి కాలంలో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఓడ టికెట్టు డబ్బు దొరక్కపోతే ఇంత కథా నాంపల్లి దగ్గరే ఆగిపోయేది.

సదస్సు అంటే నాలుగు రోజులు తిని తిరిగి రావడం అనుకునేవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. వారి అనుమానానికి ఆధారం పూర్తిగా లేకపోలేదు, అలాంటి సదస్సులూ ఉన్నాయి. కానీ చిన్న ఊరి విశ్వవిద్యాలయంలో పనిచేసే విద్యార్థికి సదస్సు అవసరం పెద్ద సంస్థల వారికన్నా ఎక్కువ. బెంగళూరులో చదివేవాడు వరండాలో నడిస్తే చాలు, తన రంగంలో పేరున్న మనిషి ఎదురవుతాడు. దిండిగల్‌లో చదివే అమ్మాయికి తన పత్రంలో తప్పు చెప్పేవాడు కావాలంటే రైలెక్కాలి. పోస్టర్ ముందు నిలబడ్డ పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఆగి, ఈ ప్రయోగాన్ని మా ల్యాబులో చేసి చూస్తావా అంటారు. పోస్ట్ డాక్టరేట్ ఉద్యోగాలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. సిఫారసు లేఖ రాసేవారికి ముఖం తెలిసి ఉండాలి. మామయ్య ప్రొఫెసర్‌గా ఉన్న ఇంటి పిల్లకు ఆ పరిచయాలు ఇంట్లోనే దొరుకుతాయి. చీపురు పట్టే ఇంటి పిల్లకు సదస్సు ఒక్కటే దారి.

ఇక డబ్బు సంగతి. నెట్‌లో జె.ఆర్.ఎఫ్. తెచ్చుకున్న విద్యార్థికి 2023 జనవరి 1 నుంచి నెలకు రూ.37,000, తర్వాత ఎస్.ఆర్.ఎఫ్.గా రూ.42,000 వస్తోంది. అది మతం, కులం అడగదు, మంచిదే. దానితోపాటు సైన్స్ విద్యార్థికి యు.జి.సి. ఇచ్చే కంటింజెన్సీ మొదటి రెండేళ్లు ఏడాదికి రూ.12,000, ఆ తర్వాత రూ.25,000. పుస్తకాలు, రసాయనాలు, ప్రింట్లు, ప్రయాణం అన్నీ అందులోనే. జె.ఆర్.ఎఫ్. రానివారి పరిస్థితి వేరు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేని పిహెచ్.డి. విద్యార్థికిచ్చే ఫెలోషిప్ నెలకు రూ.8,000. ఏళ్లు గడిచినా ఆ అంకె కదల్లేదు. దాన్ని కూడా ఎత్తేస్తామన్నప్పుడే 2015 అక్టోబరులో విద్యార్థులు ఢిల్లీలో యు.జి.సి. కార్యాలయం ముందు కూర్చున్నారు.

విదేశీ సదస్సులకు ప్రభుత్వ పథకాలు లేవని కాదు. ఎస్.ఇ.ఆర్.బి. ఏళ్లపాటు అంతర్జాతీయ ప్రయాణ సహాయం ఇచ్చింది. ఎకానమీ తరగతి విమాన ఛార్జీ, రిజిస్ట్రేషన్, వీసా రుసుము అందులో ఉండేవి. 2023 చట్టంతో ఆ సంస్థ అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్‌లో కలిసిపోయింది. సి.ఎస్.ఐ.ఆర్., ఐ.సి.ఎం.ఆర్. వంటివాటికి వాటి పథకాలు వాటికున్నాయి. కాగితం మీద ఇవన్నీ అందరికీ తెరిచిన తలుపులే. లోపలికి వెళ్లాక తెలుస్తుంది చిక్కు. చాలా సాయాలు ముందు ఖర్చుపెట్టి, తిరిగొచ్చాక బిల్లులు, బోర్డింగ్ పాసులు జతచేసి అడిగితే వచ్చేవి. ప్రభుత్వ సొమ్ముతో విమానమెక్కాలంటే టికెట్టు కూడా ఎక్కడపడితే అక్కడ కొనకూడదు. ఎయిరిండియా అమ్ముడుపోతున్న వేళ, 2021 డిసెంబరు 31న ఆర్థిక శాఖ నిర్ణయించిన మూడు ఏజెన్సీల దగ్గరే కొనాలి. యూరప్ సదస్సయితే షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. తిరస్కరిస్తే ఆ సొమ్ము వెనక్కి రాదు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా చూపాలి. బ్యాంకు ఖాతాలో డబ్బు చూపాలి. పాస్‌పోర్టుకు మదురై, వీసాకు చెన్నై తిరగాలి. అంటే సాయం అందాలంటే ముందు ఆ సాయం అక్కర్లేనంత డబ్బు చేతిలో ఉండాలి. ఈ నియమం రాసినవారికి దురుద్దేశం ఉందని మేము అనడం లేదు. లక్ష రూపాయలు మూడు నెలలు సర్దడం అసాధ్యమైన ఇళ్లు ఉంటాయని వారికి తోచి ఉండదు. అంతకన్నా మంచిమాట ఈ విషయంలో మాకు దొరకలేదు.

ఇప్పుడు అసలు మాట. దిండిగల్‌లోని ఆ తెలుగు ఇల్లు క్రైస్తవ ఇల్లయితే?

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా మన పాఠకులకు కంఠస్థం. మొదట హిందువులకే పరిమితం చేసిన షెడ్యూల్డు కుల హోదాను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఇవ్వలేదు. తీసేయమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో ఇంకో కమిషన్‌ను కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన వేశారు. ఇవన్నీ మనం రిజర్వేషన్ సీటు, పంచాయతీ సీటు దృష్టితో మాట్లాడుకుంటాం. పరిశోధక విద్యార్థి దృష్టితో చూద్దాం. షెడ్యూల్డు కులాల జాతీయ ఫెలోషిప్ ఆ అమ్మాయికి రాదు. షెడ్యూల్డు కులాల జాతీయ విదేశీ ఉపకారవేతనం రాదు. 2009 చట్టం ఇచ్చిన 3 శాతంలో చోటు లేదు, ఎందుకంటే బాప్తిస్మం తీసుకున్న అరుంధతీయుడు తమిళనాడు జాబితాలో వెనుకబడిన తరగతిలోకి వెళ్తాడు, ఆంధ్రలో బి.సి.-సి లోకి వెళ్లినట్టే. మైనారిటీ విద్యార్థిగా వచ్చేదేమిటి అంటే, మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ ఉండేది. 2009లో మొదలైన దాన్ని 2022 డిసెంబరులో ఆపేస్తున్నట్టు కేంద్రమంత్రి లోక్‌సభలో చెప్పారు. వేరే పథకాలతో ఇది కలగాపులగమవుతోందన్నది ఇచ్చిన కారణం. అప్పటికే తీసుకుంటున్నవారికి కూడా 2025లో నెలల తరబడి డబ్బు అందలేదు.

కలగాపులగం అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. దళిత క్రైస్తవ విద్యార్థికి ఏ రెండు పథకాలు ఒకదానిపై ఒకటి పడ్డాయో మాకు తెలియడం లేదు. షెడ్యూల్డు కులాల గది నుంచి క్రైస్తవుడివని బయటికి పంపారు. మైనారిటీ గదికి తాళం వేశారు. మిగిలింది వెనుకబడిన తరగతుల ఫెలోషిప్. ఆ తలుపు ఉంది, నిజమే. కానీ అక్కడ వీధి ఊడ్చే ఇంటి పిల్ల, భూములున్న కులాల పిల్లలతో ఒకే వరుసలో నిలబడాలి. తాళాల ఊరి పిల్లకు ఇంతకన్నా బాగా అర్థమయ్యే పోలిక మేము చెప్పలేం.

దీని ఫలితం మన సంఘాల్లో అందరికీ తెలిసిందే, ఎవరూ మైకులో చెప్పరు. సర్టిఫికెట్టులో ఒక పేరు, సంఘపు రిజిస్టరులో ఒక పేరు. ఆ పని చేసిన తల్లిదండ్రులను వేదిక మీద నుంచి నిందించే పాస్టర్లను విన్నాం. ఆ నిందలో మేము గొంతు కలపం. బిడ్డ చదువుకోసం విశ్వాసాన్ని గుట్టుగా ఉంచుకోవాల్సిన స్థితిని కల్పించింది వాళ్లు కాదు. కానీ యువతకు ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. 2024 నవంబరు 26న పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవాన్ని ఆచరిస్తూ షెడ్యూల్డు కులం సర్టిఫికెట్టు కోరడాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ కాగితంపై కట్టిన పిహెచ్.డి. ఎప్పుడైనా కదిలిపోవచ్చు.

తమిళనాడు ప్రభుత్వం ఒక పని సరిగ్గా చేసింది, అది చెప్పాలి. తన ఆదిద్రావిడ సంక్షేమ శాఖ విద్యా పథకాల్లో క్రైస్తవంలోకి మారిన ఆదిద్రావిడులను కూడా చేర్చుతూ వచ్చింది. కేంద్రం హోదా ఇవ్వకపోయినా రాష్ట్రం తన ఖజానా నుంచి ఇవ్వగలదనడానికి అది రుజువు. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలను మనం అడగాల్సింది ఇదే. తెలంగాణ మైనారిటీ విద్యార్థులకు విదేశీ చదువుకోసం రూ.20 లక్షల వరకు ఇచ్చే పథకం పెట్టింది. సంతోషం. కానీ అది విదేశంలో డిగ్రీ చదివేవారికి. ఇక్కడే ఉండి, ఇక్కడి ల్యాబులో పనిచేసి, నాలుగు రోజులు వెళ్లొస్తానన్నవారికి అందులో చోటు లేదు. వెళ్లిపోయేవారికి లక్షలు, తిరిగి వచ్చేవారికి సున్నా!

మరి మనం అడిగింది ఏమిటి? ఇది కొంచెం చేదుగా ఉంటుంది. తమిళనాడు ప్రభుత్వం 2011లో యెరూషలేము యాత్రకు క్రైస్తవులకు సబ్సిడీ ప్రకటించింది. మొదట రూ.20,000, తర్వాత రూ.37,000 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తక్కువ ఆదాయం ఉన్నవారికి దాన్ని రూ.40,000 నుంచి రూ.60,000కు పెంచారు. అప్పుడు సంఘాల్లో చప్పట్లు మోగాయి, ఫ్లెక్సీలు కట్టారు. యాత్ర చేసేవారిపై మాకు కోపం లేదు. వృద్ధాప్యంలో గలిలయ సముద్రం చూసి ఏడ్చిన పెద్దమ్మలను మేమెరుగుదుం. కానీ ఆ డబ్బు పాలకులు మనకు ఇవ్వదలచుకున్నది, మనం అడగాల్సింది కాదు. అరవై వేల రూపాయలుంటే ఒక పరిశోధక విద్యార్థి మన దేశంలోనే ఎన్నో సదస్సులకు వెళ్లొస్తుంది. మన నాయకుల వినతిపత్రాల్లో ఈ మాట ఒక్కసారైనా ఉందా అని వెతికితే మాకు కనబడలేదు.

ప్రభుత్వం ఒక్కటే చేయాల్సిన పని కూడా కాదిది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగాడంటే దానికి మామగారు కూడగట్టిన సొమ్ముతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం కారణం. అక్కడ దిగాక ఉపకారవేతనం లేక ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పని చేసుకుంటూ చదివాడు. క్యాన్సర్ పిల్లలకు ఈనాటికీ ఇస్తున్న మెథోట్రెక్సేట్ వెనక ఉన్నది ఆయన నడిపిన ల్యాబు. సత్యలింగం నాయకర్ బర్మాలో సంపాదించిన వర్తకుడు, శాస్త్రజ్ఞుడు కాదు. ఇచ్చేటప్పుడు ఆయన సంస్థకు ఈ ఫలితం తెలియదు. దారి పొడవునా ఉన్న పేద దేశాల శాస్త్రజ్ఞుల కోసం అబ్దుస్ సలామ్ 1964లో ఇటలీలోని ట్రియెస్టెలో ఒక కేంద్రం పెట్టాడు. లాహోరులో పనిచేసేటప్పుడు తన రంగంలో మాట్లాడటానికి మనిషి లేక, చివరికి దేశం విడిచి వెళ్లాల్సి వచ్చిన అనుభవం ఆయనది. ఇంటి దగ్గర పనిచేస్తూనే అప్పుడప్పుడు వచ్చిపోయే వీలుంటే తనలాంటివారు ఊరు వదలనక్కర్లేదన్నది ఆయన ఆలోచన. ప్రయాణ ఖర్చు ఇవ్వడం ఆ కేంద్రం పనిలో ముఖ్యమైన భాగం. 1974లో ఆయన దేశం చట్టం చేసి ఆయన మతవర్గాన్ని ముస్లింలు కారు పొమ్మంది. గది నుంచి బయటికి పంపబడినవాడికి దారిఖర్చు విలువ బాగా తెలుసు.

మన గ్రంథంలో ఈ సంగతి లేదా? తీతుకు రాసిన పత్రిక చివర పౌలు ఒక చిన్న పని అప్పగిస్తాడు. జేనా, అపొల్లో అనే ఇద్దరు ప్రయాణమై వస్తున్నారు, వారికి ఏదీ తక్కువ కాకుండా చూసి సాగనంపమంటాడు. జేనా సువార్తికుడని అక్కడ లేదు, ధర్మశాస్త్రం తెలిసినవాడని ఉంది. చదువుకున్న మనిషికి దారిఖర్చు పెట్టడం సంఘం పనుల్లో ఒకటిగా ఆ కాలంలోనే ఉంది. సాగనంపడం అంటే గేటు దాకా వచ్చి చెయ్యి ఊపడమని మనం ఎప్పటినుంచి అనుకుంటున్నామో!

1834 నుంచి అమెరికన్ మదురై మిషన్ పనిచేసిన నేల అది. 2003లో దిండిగల్ కతోలిక మేత్రాసనం కూడా ఏర్పడింది. పాత మిషన్ బడులు లేకపోతే ఆ తోల్ షాపు ఇళ్ల నుంచి పదో తరగతి దాటినవారు ఇంకా తక్కువ ఉండేవారు. ఆ ఋణం కాదనం. కానీ మన సంస్థల ఉదారత ఎక్కువగా బడి దగ్గర, నర్సింగ్ దగ్గర, బి.ఎడ్. దగ్గర ఆగిపోతోంది. పిహెచ్.డి. అంటే ఇక సాయం అక్కర్లేని మనిషి అని సంఘపెద్దలు అనుకుంటారు. ఇరవై ఏడేళ్లొచ్చినా ఇంటికి డబ్బు పంపని కూతురిపై ఇంట్లో ఒత్తిడి మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. 2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయేనాటికి అతనికి ఏడు నెలల ఫెలోషిప్ బాకీ ఉంది. ఆ బాకీ సంగతి తన ఆఖరి ఉత్తరంలో రాసిపెట్టి వెళ్లాడు. పరిశోధక విద్యార్థికి డబ్బు అవసరం లేదనుకునే పెద్దలు ఆ ఉత్తరాన్ని ఇంకోసారి చదవాలి.

ఆన్‌లైన్ ఉందిగా అంటారు. 2020, 2021లలో సదస్సులన్నీ తెర మీదికి వచ్చినప్పుడు దిండిగల్ విద్యార్థి కూడా మొదటి వరుసలో కూర్చుంది, అది మంచి కాలమే. రుసుములు కూడా తగ్గాయి. ఆ తలుపు మూయవద్దని నిర్వాహకులను అడుగుతూనే ఉండాలి. కానీ మళ్లీ హాళ్లు తెరుచుకున్నాక అసలు మాటలు టీ దగ్గర జరుగుతున్నాయి, తెర దగ్గర మిగిలింది రికార్డింగు.

ప్రభుత్వాన్ని మేము అడిగేవి ఎక్కువ కావు. ప్రయాణ సాయంలో ఎక్కువ భాగాన్ని విద్యార్థి సంస్థ ఖాతాకు ముందే పంపాలి, మిగతాది లెక్కలు చూశాక ఇవ్వాలి. ఆగిన మైనారిటీ ఫెలోషిప్‌ను తిరిగి తెరవాలి. మూడో పేరా సంగతి తేలేదాకా ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలు తమిళనాడు చేసినట్టు సొంత డబ్బుతో దళిత క్రైస్తవ పరిశోధకులను చేర్చుకోవాలి.

సంఘాలను అడిగేది ఇంకా తక్కువ. కన్వెన్షన్ సౌండ్ సిస్టమ్ బిల్లులో ఒక వంతు పక్కన పెట్టి, రిజిస్ట్రేషన్ రుసుము ముందుగా కట్టగలిగే చిన్న నిధి ఉంచండి. ప్రభుత్వం నుంచి డబ్బు తిరిగొచ్చాక విద్యార్థి ఆ సొమ్ము నిధికి చేరుస్తుంది, ఇంకొకరికి పనికొస్తుంది. రాకపోతే కానుక అనుకోండి. ఫలానా కులం, ఫలానా మిషన్ అని అందులో గీతలు గీయకండి. దిండిగల్ తెలుగు ఇంటికి తెలుగు సంఘం దగ్గర్లో లేకపోవచ్చు, తమిళ సంఘంలో కూర్చునే కుటుంబమే అయ్యుండొచ్చు. హైదరాబాదులోనో విజయవాడలోనో సదస్సు జరిగితే అక్కడి మన సంఘంలో ఎవరింట్లోనైనా నాలుగు రాత్రులు పడుకోవడానికి చోటివ్వడానికి నిధి కూడా అక్కర్లేదు.

విద్యార్థులకు: పత్రం ఎంపికైందని తెలిసిన రోజే, డబ్బు కట్టకముందే, రుసుము మాఫీ కోసం నిర్వాహకులకు రాయండి. చాలా సదస్సులు కొంత మాఫీ పక్కన పెడతాయి, అడిగినవారికి వెళ్తుంది. మీ గైడు ప్రాజెక్టులో ప్రయాణ పద్దు ఉందేమో కనుక్కోండి, సిగ్గుపడకండి, అది అందుకే ఉంటుంది. పరిశోధన పని మీద వెళ్లే 35 ఏళ్లలోపు విద్యార్థులకు రైల్లో సెకండ్ క్లాస్, స్లీపర్ ఛార్జీలో సగం రాయితీ ఉంది. దానికి సంస్థ ఇచ్చే ఫారం కావాలి, టికెట్టు ఆన్‌లైన్‌లో కాక స్టేషన్ కౌంటర్‌లో తీసుకోవాలి. దిండిగల్ జంక్షన్‌లో ఆ ఫారం పట్టుకుని వెళ్తే గుమాస్తా రెండుసార్లు తిప్పి చూస్తాడు. ఇంకో కౌంటర్‌కు పొమ్మంటే కదలకండి, చీఫ్ రిజర్వేషన్ సూపర్‌వైజర్ ఎవరో అడగండి.